గ్రంథాలయంలో డాక్టరు గది



బి.పి., షుగరు మందులు మధ్యలో ఎందుకు ఆపేశారని వార్డులో మేము అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: "ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుందమ్మా, పైగా బస్సు ఛార్జీలు." అలా మందులు ఆపినవారు కొందరు చివరికి పక్షవాతంతోనో, మానని కాలిపుండుతోనో వస్తారు.

ఈ దూరం సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో పాట్స్‌బరో అనే చిన్న ఊరు ఉంది. పెద్ద డాక్టర్లు దూరం, చాలా ఇళ్లలో మంచి ఇంటర్నెట్ లేదు. కరోనా కాలంలో ఆ ఊరి పబ్లిక్ గ్రంథాలయం వారు సామాన్లు వేసుకునే గదిని ఖాళీ చేసి, కంప్యూటరు, కెమెరా పెట్టి, 2021లో దానిని వీడియో ద్వారా డాక్టరును కలిసే గదిగా మార్చారు. అదే ఏడాది డెలావేర్ రాష్ట్రంలోనూ కొన్ని గ్రంథాలయాలలో ఇలాంటి ఏర్పాటు జరిగింది.

గ్రంథాలయమే ఎందుకు? అక్కడికి ఎవరైనా రావచ్చు, రుసుము లేదు, ఇంటర్నెట్ ముందే ఉంది. లోపలికి వెళ్లినవారు పుస్తకం కోసం వెళ్లారో, వైద్యం కోసం వెళ్లారో చూసేవారికి తెలియదు. గ్రంథాలయ ఉద్యోగి వైద్యం చేయరు. కాల్ కలిపి, బయటికి వచ్చి తలుపు వేస్తారు. రోగి మాట గోప్యంగా ఉండడానికి ఆ మూసిన తలుపు చాలా ముఖ్యం.

మన దేశంలో ఈ పనికి 2019లో మొదలైన ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఉంది. ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది దీని ద్వారా మిమ్మల్ని డాక్టరుతో ఉచితంగా మాట్లాడించగలరు. అలా మాట్లాడేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

1. పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు, బి.పి., షుగరు రీడింగులు దగ్గర ఉంచుకోండి.
2. వయసు, పడని మందులు, గర్భం ఉంటే ఆ సంగతి ముందుగానే చెప్పండి.
3. పక్కన జనం ఉంటే తలుపు వేయమని అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.
4. మోతాదు, ఎన్ని రోజులు వాడాలో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాసుకోండి.

కెమెరా గుండె చప్పుడు వినలేదు, పొట్ట నొక్కి చూడలేదు. కనుక డాక్టరు స్వయంగా రమ్మంటే తప్పక వెళ్లండి. కొన్ని మందులు, ముఖ్యంగా మత్తు కలిగించే నార్కోటిక్ మందులు, ఇలా రాయకూడదని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నియమాలు చెబుతున్నాయి. ఇవ్వలేదని కోపగించుకోవద్దు.

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒకవైపు చేయి కాలు పడిపోవడం, పాముకాటు, గర్భిణికి రక్తస్రావం లేదా ఫిట్స్: వీటికి వీడియో కోసం కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ పేజీని చించి మందుల డబ్బాలో పెట్టుకోండి. చదవడం రాని పొరుగువారికి చదివి వినిపించండి.