ఆటోరిక్షా కుదుపులు – రబ్బరు తొడుగులు

కామాటిపురలో నివసించు విద్యార్థికి ఇంటి ముంగిట ఆటోరిక్షా కనబడదు. మాహిము, సయానులకు దక్షిణమున, అనగా ముంబయి ద్వీపనగరమున, ఆటోరిక్షాలు నడుపుటకు అనుమతి లేదు. అక్కడ టాక్సీలు, బస్సులు, రైళ్లే ఆధారము. ధారావి యన్ననో ఆ సరిహద్దు చెంతనే యున్నది. మీఠీ నది దాటి బాంద్రా, కుర్లాల వైపు పోయినచో ఎటు చూచినను ఆటోరిక్షాలే. ఆ బండి నడిపి సంసారము నీడ్చు తండ్రులు కలరు. ఆ బండిలో బడికి పోవు పిల్లలు కలరు. కావున ఆ బండి క్షేమము మనకు పరాయి విషయము కాదు. ఆ క్షేమమును కాచు వస్తువులలో మిక్కిలి చిన్నది, తరచుగా మరువబడునది, షాకబ్జార్బరుపై నుండు రబ్బరు తొడుగు. దానిని గూర్చి ఇచట కొంత తెలిసికొందము.

మూడు చక్రముల మోటారుబండి మన దేశమున పుట్టినది కాదు. ఇటలీలో పియాజియో సంస్థ వారు 1946లో వెస్పా స్కూటరును, 1948లో దానినుండియే ‘ఆపే’ యను మూడు చక్రముల బండిని వెలువరించిరి. ఇటాలియను భాషలో వెస్పా యనగా కందిరీగ, ఆపే యనగా తేనెటీగ. వీనిని రూపొందించిన కొరదీనో దాస్కానియో విమాన, హెలికాప్టరు యంత్రములయందు ఆరితేరిన ఇంజనీరు. మన దేశమున బజాజ్ ఆటో సంస్థకు రెండు, మూడు చక్రముల బండ్లు తయారుచేయుటకు 1959లో ప్రభుత్వానుమతి లభించినది. పూణే నగరము ఆ పరిశ్రమకు నిలయమైనది.

ఈ బండికి ముందు చక్రము ఒక్కటే. దారి త్రిప్పునది అదియే. గుంతలో మొదట పడునదియు అదియే. ఆ దెబ్బ బండికిని, అందు కూర్చున్నవారికిని సూటిగా తగులకుండ నడుమ రెండు సాధనములు కలవు. ఒకటి స్ప్రింగు, రెండవది డాంపరు. కొన్ని బండ్లలో ఈ రెండును ఒకే గొట్టము చుట్టు అమరియుండును, కొన్నింటిలో వేరువేరుగా నుండును. ఈ కూర్పునే షాకబ్జార్బరు అందురు. మెకానిక్కులు క్లుప్తముగా ‘షాకప్’ అని పిలుతురు.

స్ప్రింగు దెబ్బను మ్రింగి నణగును, మరల దానిని తిరిగి యిచ్చివేయును. స్ప్రింగు ఒక్కటే యున్నచో ఒక గుంతలో పడిన బండి చాలసేపు ఎగిరెగిరి పడుచుండును. ఆ ఊపును మాన్పునది డాంపరు. దానిలో నూనెతో నిండిన గొట్టము, ఆ గొట్టములో కదలు పిస్టను, ఆ పిస్టనుకు తగిలించిన నున్నని ఉక్కు కడ్డీ యుండును. చక్రము లేచినపుడెల్ల పిస్టను కదలును. నూనె దాని సన్నని రంధ్రములగుండ కష్టముమీద దూరిపోవలెను. ఆ రాపిడిలో ఊపుయొక్క శక్తి వేడిగా మారును. శక్తి నశింపదు, రూపమే మారునని పాఠములో చదివిన సూత్రమునకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము లేదు. గతుకుల దారిని చాలదూరము వచ్చిన బండి డాంపరు వెచ్చబడుట ఇందువలననే.

ఆ ఉక్కు కడ్డీ గొట్టమునుండి వెలికి వచ్చుచు, లోనికి పోవుచు నుండును. నూనె వెలికి కారకుండ గొట్టము మూతివద్ద ఆయిల్ సీలు అను రబ్బరు వలయము కడ్డీని పట్టుకొనియుండును. బండి ప్రాణమంతయు ఈ పట్టులోనే యున్నది. చక్రము చిమ్మిన బురద కడ్డీపై ఎండి అంటుకొన్నచో, కడ్డీ లోనికి పోవునపుడెల్ల ఆ ఇసుక రేణువులు ఆకురాయివలె సీలు అంచును కోయును. తడియు, సముద్రపు గాలిలోని ఉప్పును చేరినచో కడ్డీపై త్రుప్పు పట్టి చిన్న చిన్న గుంటలు పడును. అంతట నూనె కొంచెము కొంచెముగా కారిపోవును, డాంపరు చచ్చును. అప్పుడు చక్రము నేలను వదలి ఎగురుచుండును. నేలను తాకని చక్రము దారి త్రిప్పలేదు, బ్రేకు వేసినను పట్టు చిక్కదు.

ముంబయి వానలను గూర్చి మనకు వేరుగ చెప్పనక్కరలేదు. 2005వ సంవత్సరము జూలై 26న శాంతాక్రూజు వాతావరణ కేంద్రమున ఒక దినములోనే 944 మిల్లీమీటర్ల వర్షము నమోదైనది. మీఠీ నది పొంగి పరిసరములు జలమయమైనవి. అట్టి దినము అరుదే గాని, ఏటేట నాలుగు నెలలు బురదలో తిరుగుట మాత్రము ఇచటి బండ్లకు తప్పదు.

ఈ బురదనుండి కడ్డీని కాపాడుటకే రబ్బరు తొడుగు. దానినే ‘బూటు’ అనియు అందురు. చూచుటకు అది కమ్మరి కొలిమితిత్తివలె, హార్మోనియము తిత్తివలె మడతలు మడతలుగా నుండును. కడ్డీ పొట్టిదై పొడుగగుచుండును గనుక తొడుగును ముడుచుకొనుచు, సాగుచు నుండవలెను. ఈ యుపాయము క్రొత్తది కాదు. 1920 ప్రాంతపు మోటారుకార్ల పట్టీ స్ప్రింగులకు గ్రీజు పూసి, వానిపై తోలు తొడుగులు బిగించెడివారు. తోలు వస్తువులకు పేరుపొందిన ధారావిలోని పనివాండ్రకు ఆ కుట్టుపని వింతగా తోచదు.

నేడు తోలు స్థానమును రబ్బరు ఆక్రమించినది. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి కాచినచో గట్టిపడునని 1839లో అమెరికా దేశీయుడు చార్లెస్ గుడ్‌యియర్ కనుగొనెను. అందు నల్లని మసి కలుపుటచే బలము హెచ్చును, ఎండ దెబ్బ తగ్గును. టైర్లును, తొడుగులును నల్లగా నుండుటకు కారణమిదియే. అయినను సహజ రబ్బరు నూనెలో ఉబ్బి మెత్తబడును. 1930లో డ్యూపాంట్ సంస్థ రసాయనికులు కనుగొన్న నియోప్రీను వంటి కృత్రిమ రబ్బరులు నూనెకును, ఎండకును మెరుగుగా నోర్చును. కావున తొడుగును పెట్రోలుతోను, కిరసనాయిలుతోను తుడువరాదు. సబ్బునీరు చాలును.

మంచి తొడుగునకు లక్షణములు మూడు. బండికి తగిన కొలత, రెండు చివరలను గట్టి బిగింపు, క్రింది భాగమున ఒక చిన్న రంధ్రము. ఆ రంధ్రము లోపము కాదు. తొడుగు ముడుచుకొనునపుడు లోని గాలి దానిగుండ వెలికి పోవలెను, చేరిన తడి కారిపోవలెను. దానిని మూసినచో తొడుగు బుడగవలె ఉబ్బి పగులును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. చినిగిన తొడుగు తొడుగు లేకుండుటకంటె చెడ్డది. అది బురదను లోనికి రానిచ్చి, మరల పోనీయదు. తడిసిన గుడ్డ చుట్టుటయు నిట్టిదే. కడ్డీకి త్రుప్పును కట్టియుంచినట్లగును. అందమునకై తొడిగెడి రంగురంగుల ప్లాస్టిక్కు గొట్టములు కారు నూనెను కంటికి కనబడకుండ దాచును. తొడుగు పని కప్పిపుచ్చుట కాదు, కడ్డీని పొడిగాను శుభ్రముగాను ఉంచుట. నీటమునిగిన బండికి నీరు తీసిన పిదప తొడుగు లోపలకూడ చూచి ఆరబెట్టుట మరువరాదు.

తొడుగునకు తోడుపడు వస్తువులు మరికొన్ని కలవు. చక్రము వెనుక వ్రేలాడు రబ్బరు రేకు బురదను మొదటనే ఆపును. స్ప్రింగు పూర్తిగా నణగినపుడు ఇనుము ఇనుమును తాకకుండ అడ్డుపడు రబ్బరు దిమ్మ యొకటి. కీళ్లవద్ద బుష్షులు. ఇంజనునుండి వెనుక చక్రములకు పోవు ఇరుసుల కీళ్లకు గూడ ఇట్టి తిత్తి తొడుగులే యుండి గ్రీజును కాపాడును.

పరీక్ష మిక్కిలి సులభము. వారమున కొకమారు తొడుగు మడతలను వ్రేళ్లతో విప్పి పగుళ్లు చూడవలెను. గొట్టముపై నూనె తడి కలదేమో చూడవలెను. నిలిపిన బండి ముందు భాగమును బలముగా నొక్కి వదలినచో ఒకమారు లేచి కుదుటపడవలెను. మూడు నాలుగు మారులు ఊగినచో మెకానిక్కునకు చూపవలెను. స్ప్రింగును విప్పు పని మాత్రము విద్యార్థులు తలపెట్టరాదు. అణచియున్న స్ప్రింగు జారినచో గాయము తప్పదు.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన సామెత. తొడుగు మార్చుట గోటితో పోవు పని. దానిని వాయిదా వేసినచో సీలు, పిదప డాంపరు, ఆపై టైరు చెడును. బండి గ్యారేజీలో నున్నన్నాళ్లు ఇంట సంపాదన యుండదు. అన్నిటికంటె ముఖ్యముగా, వాన దినమున వెనుక సీటులో కూర్చున్న పిల్లల క్షేమము ఆ ముందు చక్రము నేలను పట్టుకొనుటపై నాధారపడియున్నది.

కామాటిపురకు ఆ పేరు ఈ నగర నిర్మాణమునకై తెలుగు నేలనుండి వచ్చిన కామాటీలను బట్టి వచ్చినది. వారి నేర్పు చేతులలో నుండెను. నేటి విద్యార్థికి చేతి నేర్పుతోపాటు దాని వెనుకనున్న కారణముగూడ మాతృభాషలో తెలియుచున్నది. ఈ పత్రిక చదివిన విద్యార్థి ఇంటిలో ఆటోరిక్షా యున్నచో, ఈ ఆదివారము తండ్రితో కూడ కూర్చుండి ఆ తొడుగు మడతలు విప్పి చూడవలెనని కోరుచున్నాము.