చేర్యాల వడ్లు.. కోటోనూ సంత దాకా!

యాసంగి కోతలప్పుడు ఊరికి పోతే నా ఆఫీసు వడ్ల కుప్ప పక్కనే. ఒళ్లో ల్యాప్‌టాప్, తలమీద తువ్వాల. పక్కన మా చిన్నాయిన. తేమ 17 శాతానికి దిగితే గానీ కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. ఆ ఎదురుచూపులో ఆయన అడిగిన ప్రశ్న నన్ను కొన్ని నెలలు వదల్లేదు.

"రేషన్ల సన్నబియ్యం ఇస్తుండ్రు గదరా. ఇగ మన దొడ్డు వడ్లు ఎవలు తింటరు? ఏడికి పోతయ్?"

న్యాయమైన ప్రశ్నే. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ షాపుల్లో సన్నబియ్యం పథకం మొదలైంది. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ కూడా ఉంది. దొడ్డు వడ్లకు అది లేదు. అయినా యాసంగిలో మా వైపు చాలామంది 1010 రకమే వేస్తారు. ఒకప్పుడు కరువుకు పేరుపడ్డ చేర్యాలకు దేవాదుల నీళ్లు తపాస్‌పల్లి రిజర్వాయర్‌కు వచ్చాక వరి పెరిగింది. పంట ఉంది, తినేవాళ్లే తగ్గుతున్నారు. మరి దారేది?

నేను రోజూ రాసేది గోదాముల సాఫ్ట్‌వేర్. సరుకు ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో వెతకడం అలవాటు. అలా వెతుకుతూ పోతే తేలిన జవాబు: పశ్చిమ ఆఫ్రికా. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్. మన బాసుమతి కాని బియ్యాన్ని భారీగా కొనే దేశాలు ఇవే.

ఎండే కారణం

యాసంగి వడ్లు ఎండాకాలంలో పండుతాయి. ఆ వేడికి గింజ లోపల పగుళ్లు వస్తాయి. పచ్చి బియ్యంగా మిల్లు పడితే నూకలే ఎక్కువ. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. క్వింటాలు వడ్లకు 68 కిలోల బియ్యం ఇవ్వాలన్నది ప్రభుత్వ లెక్క. ఉప్పుడు బియ్యం ఇక వద్దని కేంద్రం అన్నప్పుడు 2021-22లో ఎంత గొడవైందో గుర్తుందిగా? 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నది దీని కోసమే.

మనకు తలనొప్పి అయిన ఆ బియ్యమే నైజీరియా, బెనిన్ వంటిళ్లలో ఇష్టమైన బియ్యం. పొడిపొడిగా ఉంటుంది, జోలోఫ్ లాంటి మసాలా అన్నానికి బాగా కుదురుతుంది. ఇక సెనెగల్ వాళ్లది ఇంకో రుచి. వాళ్లకు నూకలే కావాలి! ఫ్రెంచి పాలనలో ఇండో చైనా నుంచి చవకగా నూకలు తెచ్చి పోశారు. తినగా తినగా అదే వాళ్ల రుచి అయిపోయింది. చేపలతో నూకలన్నం వండే 'చెబు జెన్' వాళ్ల జాతీయ వంటకం. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. మనం కోళ్లకు చల్లే నూకలు అక్కడ విందు భోజనమన్నమాట.

కాకినాడ మలుపు

మన బియ్యం ఆఫ్రికాకు పోయే పెద్ద గుమ్మం కాకినాడ. యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు, సముద్రంలోనే ఆగుతుంది. బార్జీల మీద సంచులు తీసుకెళ్లి ఎక్కిస్తారు. అక్కడి నుంచి దక్షిణాఫ్రికా కొసను చుట్టి అట్లాంటిక్‌లోకి పోవాలి. నెల పైనే ప్రయాణం.

బెనిన్‌లోని కోటోనూ రేవు సంగతి తమాషాగా ఉంటుంది. దిగిన బియ్యమంతా బెనిన్ వాళ్లే తినరు. పక్కనే 20 కోట్లు దాటిన జనాభాతో నైజీరియా ఉంది. భూమార్గంలో బియ్యం రావడాన్ని ఆ దేశం ఒప్పుకోదు. అయినా సరిహద్దు దాటి పోతూనే ఉంటుంది. 2019 ఆగస్టులో నైజీరియా సరిహద్దులు మూసేసి, 2020 డిసెంబర్‌లో గానీ తెరవలేదు. అంటే కోటోనూ గిరాకీ సగం పక్కింటివాళ్ల చేతిలో ఉంది.

డబ్బు సంగతీ చూడాలి. బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్‌లలో నడిచేది సీఎఫ్ఏ ఫ్రాంక్. ఒక యూరోకు 655.957 ఫ్రాంకులని మారకం కట్టేసి ఉంటుంది. నైజీరియా నైరా అలా కాదు, 2023 జూన్ తర్వాత దాని విలువ కుప్పకూలింది. అందుకే అక్కడి కొనుగోలుదారు ఏ కరెన్సీలో బతుకుతున్నాడో ముందు చూడమంటారు.

ఒక్క నోటిఫికేషన్ చాలు

ఈ వ్యాపారంలో అసలు భయం సముద్రం కాదు. 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతిని కేంద్రం ఆపేసింది. 2023 జులై 20న తెల్ల బియ్యం బంద్. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం. ప్రపంచ బియ్యం ధరలు 15 ఏళ్ల గరిష్ఠానికి ఎగబాకాయి. 2024 సెప్టెంబర్ చివరి నుంచి ఒక్కొక్కటే సడలించి, 2025 మార్చిలో నూకలపైనా నిషేధం ఎత్తేశారు. ఈలోపు కొందరు కొనుగోలుదారులు థాయ్‌లాండ్, వియత్నాం, పాకిస్తాన్ వైపు చూశారు. పోయిన గిరాకీని తిరిగి తెచ్చుకోవడం అంత సులువు కాదు.

రెండో మచ్చ రేషన్ బియ్యానిది. 2024 నవంబర్‌లో కాకినాడలో స్టెల్లా ఓడ దగ్గర "సీజ్ ద షిప్" అన్న మాట ఊరూరా మోగింది కదా. ఆ ఓడ వెళ్లాల్సిందీ పశ్చిమ ఆఫ్రికాకే. దొంగసరుకు కలిస్తే నిజాయితీగా పంపేవాళ్ల లోడు కూడా తనిఖీల్లో ఆగుతుంది. ఆగిన ప్రతి రోజుకూ ఓడ ఖర్చు మీద పడుతుంది.

మెయిల్‌లో వచ్చిన 'మంత్రిగారు'

నాతో చదువుకున్న దోస్త్ ఒకడికి చిన్న మిల్లు ఉంది. లోమే నుంచి మెయిల్ వచ్చింది. ప్రభుత్వ టెండర్, 5 వేల టన్నులు, ధర మార్కెట్ కంటే ఎక్కువ. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ముందే కట్టాలి. వాడు లక్షన్నర కట్టాక నాకు చెప్పాడు. మెయిల్ చిరునామా చూడగానే నాకు అర్థమైంది. ఏ ప్రభుత్వమూ ఉచిత మెయిల్ ఖాతా నుంచి టెండర్ పిలవదు. డబ్బు పోయింది. ముందే అడిగితే ఐదు నిమిషాల పని.

మీలో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే నేను తెలుసుకున్నవి ఇవీ:

* పాన్ ఉంటే డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలకు ఎగుమతి కోడ్ వస్తుంది. తర్వాత అపెడాలో నమోదు. 2025 సెప్టెంబర్ నుంచి బాసుమతి కాని బియ్యం ఒప్పందాలను కూడా అక్కడ రిజిస్టర్ చేయాలి.
* సరుకుతోపాటు ఫైటోశానిటరీ, ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్లు పోవాలి.
* కొత్త కొనుగోలుదారుకు అప్పు వద్దు. ఎల్సీ గానీ, కొంత అడ్వాన్సు గానీ ఉండాలి. ఎల్సీ ఇచ్చింది పేరున్న బ్యాంకేనా అని మీ బ్యాంకుతో సరిచూడండి. ఈసీజీసీ బీమా తీసుకోండి.
* శాంపిల్‌లో 5 శాతం నూకలని చెప్పి లోడులో 10 పంపితే అదే ఆఖరి ఆర్డర్.
* కొద్దిగా ఫ్రెంచి నేర్చుకోండి. అక్కడ బేరం ఆ భాషలోనే.

ఒక చిన్న మిల్లు నేరుగా ఓడ నింపలేదు. కానీ పది మిల్లులు, రైతు సంఘాలు కలిస్తే కంటైనర్లతో మొదలుపెట్టొచ్చు. 2025 మార్చి 31న కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల తెలంగాణ 1010 బియ్యం బయలుదేరింది. అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే ముందుండి అమ్మింది. పశ్చిమ ఆఫ్రికాకూ అలాంటి ప్రయత్నం జరిగితే ఫలం కల్లం దాకా రావచ్చు. ఇప్పుడైతే చిన్నాయినకు దక్కేది మద్దతు ధరే. పైన మిగిలేది మిల్లు తర్వాత ఉన్నవాళ్లకే.

ఇదంతా ఫోన్లో మ్యాపు పెట్టి చిన్నాయినకు చూపించా. కోటోనూ మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"గంత దూరం పోతున్నయా మన వడ్లు? మరి ఈ కాంటా ఇంకా ఇక్కడికి రాదేందిరా!"

అప్పటికి మూడో రోజు. తేమ 17.4.