కొటేషన్ కాగితం, టైరు మీద నాలుగు అంకెలు

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. 26 ఏళ్ల సర్వీసు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కి ఎన్ని వేలసార్లు బస్సు తోలాడో ఆయనకే లెక్క లేదు. కానీ మా ఇంట్లో కారు మాత్రం ఎప్పుడూ లేదు. పోయిన దసరాకి కొందామనుకున్నాం. "నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నవు కదరా, షోరూముకి నువ్వు కూడ రా" అన్నాడు నాన్న. నేను చదివేది ఈసీఈ. కారు గురించి నాకు తెలిసింది యూట్యూబ్ రివ్యూలు మాత్రమే. అయినా వెళ్లాను. అక్కడ నేర్చుకున్నది మీకు చెబుదామని ఇది రాస్తున్నా, ఎందుకంటే మనలో చాలామంది ఇళ్లలో మొదటి కారు మన మొదటి జీతంతోనో, అమ్మానాన్నల రిటైర్మెంటు డబ్బుతోనో వస్తుంది.

ముందు ధర సంగతి. చిన్న పెట్రోల్ కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన 1 శాతం సెస్సు ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతం అయింది. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోల్ ఇంజను ఉంటే ఈ రేటు. మేము చూసిన హ్యాచ్‌బ్యాక్ ఇందులోకే వస్తుంది. 129 రూపాయల వస్తువు 118కి వచ్చినట్టు లెక్క, అంటే దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గుదల. పన్ను తగ్గుతుందన్న మాట ఆగస్టు నుంచే వినబడుతుండటంతో అందరూ మాలాగే ఆగారు. తగ్గగానే అందరూ మాలాగే షోరూము మీద పడ్డారు. నవరాత్రుల్లో అక్కడ కుర్చీ దొరకడమే కష్టమైంది.

మా దగ్గరికి వచ్చిన సేల్స్ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. నాన్నని "సార్" అంటుంటే నాన్న ఇబ్బంది పడుతూ "తమ్మీ, కూసోని మాట్లాడు" అన్నాడు. అబ్బాయి ఒక కాగితం మీద ఒకే ఒక అంకె రాసి సున్నా చుట్టాడు. 8,73,500. "ఆన్-రోడ్ సార్, అన్నీ కలిపి."

ఈ "అన్నీ కలిపి" దగ్గరే ఆగాలి. మేము విడివిడిగా రాసి ఇవ్వమన్నాం. కంప్యూటర్‌లో ఉందట, ప్రింట్ తీయడానికి మాత్రం ఇరవై నిమిషాలు పట్టింది. అందులో ఇలా ఉంది: ఎక్స్-షోరూమ్ 6,90,000, లైఫ్ ట్యాక్స్ 96,600, ఇన్సూరెన్స్ 43,800, ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,200, యాక్సెసరీస్ ప్యాకేజీ 18,500, హ్యాండ్లింగ్ చార్జీలు 6,500, రిజిస్ట్రేషన్ ఫీజులు 3,300, ఫాస్టాగ్ 600.

ఇందులో మన చేతిలో లేనివి నాలుగే. ఎక్స్-షోరూమ్ ధర కంపెనీది, జీఎస్టీ దాన్లోనే ఉంటుంది. లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ప్రభుత్వానిది. కారు ధర పెరిగేకొద్దీ శాతం పెరుగుతుంది, మా కారు ఉన్న మెట్టులో 14 శాతం. జీఎస్టీ కలిసిన ధర మీద మళ్లీ ఈ పన్ను. పన్ను మీద పన్ను అన్నమాట, దానికి మనం చేయగలిగింది లేదు. ఫీజులు, ఫాస్టాగ్ చిన్నవి, తప్పనివి. మిగతా నాలుగు వరుసలూ బేరానికి సంబంధించినవి. కానీ ఒకే అంకె రాసి సున్నా చుట్టినప్పుడు ఈ తేడా కనిపించదు. (10 లక్షలు దాటిన కారైతే 1 శాతం టీసీఎస్ అని ఇంకో వరుస ఉంటుంది. అది రిటర్న్ వేసినప్పుడు మన పన్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఆ రసీదు పారేయకండి.)

హ్యాండ్లింగ్ చార్జీలంటే ఏమిటని అడిగాను. "స్టాక్‌యార్డు నుంచి తెచ్చి, కడిగి, రెడీ చేస్తాం కదా బ్రో." అమ్మే వస్తువుని అమ్మే చోటికి తెచ్చుకోవడం అమ్మేవాడి పని. కిరాణా కొట్టువాడు బియ్యం బస్తా గోదాము నుంచి తెచ్చినందుకు మన దగ్గర వేరే డబ్బులు అడగడు కదా. రాతపూర్వకంగా ఏ నిబంధన కింద తీసుకుంటున్నారో ఇవ్వమని అడిగితే ఆ వరుస నెమ్మదిగా మాయమైంది.

ఇన్సూరెన్స్ దగ్గర కొంచెం ఎక్కువసేపు పట్టింది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి మూడేళ్లకి తీసుకోవాలి. ఆ ప్రీమియం ప్రభుత్వం ఖరారు చేసింది కాబట్టి ఎక్కడ కొన్నా ఒకటే. మన సొంత బండికి దెబ్బ తగిలితే వచ్చే భాగం, దాని మీద వేసే జీరో డిప్రిసియేషన్ లాంటివి మాత్రం కంపెనీని బట్టి మారతాయి. తేడా అంతా అక్కడే. జీరో డిప్రిసియేషన్ వృథా కాదు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మనమే పెట్టుకోవాలి, ఇవాళ్టి బంపర్లన్నీ ప్లాస్టిక్కే. అందుకే దాన్ని ఉంచి, అదే ఐడీవీతో బయట రేటు అడిగాను. ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే మనకి వచ్చే మొత్తం. కొత్త కారుకి ఎక్స్-షోరూమ్ ధరలో 5 శాతం తీసేస్తారు, మాకు 6,55,500 వచ్చింది. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించే కొటేషన్లు కూడా ఉంటాయి, రెండు కాగితాలు పోల్చేటప్పుడు ముందు ఈ అంకె చూడాలి. మాకు బయట 32,400 వచ్చింది. షోరూములో 43,800.

"బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు సార్" అన్నాడు అబ్బాయి నాన్నతో. నాన్న భయపడ్డాడు. నిజానికి క్యాష్‌లెస్ అనేది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది, పాలసీ ఎక్కడ కొన్నామన్నదాని మీద కాదు. కంపెనీ వెబ్‌సైటులో జాబితా తెరిస్తే అదే షోరూము వర్క్‌షాపు పేరు అందులో ఉంది. చూపించాను. అబ్బాయి నవ్వేశాడు.

ఇక అప్పు. ఇక్కడ మన లెక్కల పుస్తకం నిజంగా పనికొచ్చింది. ఫైనాన్స్ టేబుల్ దగ్గర కూర్చున్నాయన "బ్యాంకు వాళ్లు 8.9 అంటారు సార్, మాది 5 శాతమే" అన్నాడు. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ 5 శాతం ఫ్లాట్ రేటు. 6 లక్షలు, ఐదేళ్లు. ఏడాదికి 30,000 చొప్పున వడ్డీ లక్షా యాభై వేలు, మొత్తం 7,50,000ని 60తో భాగిస్తే నెలకి 12,500. బ్యాంకు వాళ్ల 8.9 తగ్గే అసలు మీద వేసే వడ్డీ. దానికి ఈఎంఐ 12,426. అంటే "ఐదు" కంటే "ఎనిమిది పాయింట్ తొమ్మిదే" చవక! నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటాం, కానీ ఫ్లాట్ లెక్కలో చివరి నెల దాకా మొత్తం 6 లక్షలూ మన దగ్గరే ఉన్నట్టు వడ్డీ వేస్తారు. తగ్గే అసలు మీద చూస్తే ఆ 5 శాతం దాదాపు 9.15 శాతంతో సమానం. ఎక్సెల్‌లో రేట్ ఫార్ములా వేసి చూడండి, రెండు నిమిషాల పని. లేదా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వమనండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు నుంచి రిటైల్ అప్పులన్నిటికీ అది ఇచ్చి తీరాలి, ఫీజులతో సహా అసలైన ఏడాది రేటు అందులో ఉంటుంది.

ఇవన్నీ అయ్యేసరికి నేను పెద్ద హీరోలా ఫీలయ్యాను. యాక్సెసరీస్ ప్యాకేజీ బదులు మ్యాట్లు, మడ్ ఫ్లాపులు మాత్రం 3,200కి తీసుకున్నాం. వారంటీ ఉంచాం, అది నాన్న పట్టుదల. మొత్తం 33,200 తగ్గి 8,40,300 దగ్గర ఆగింది. నేను ఇంకా కాగితంలోనే ఉన్నాను, కారు గురించి ఎవరూ మాట్లాడటం లేదని నాకు తట్టలేదు.

తట్టింది నాన్నకి. "బండి యాడుంది తమ్మీ?" అన్నాడు.

ఫుల్ పేమెంట్ పడ్డాక చూపిస్తామన్నారు. "చూడకుండ పైసలెట్ల ఇస్తం" అన్నాడు నాన్న, గొంతు పెంచకుండానే. షోరూములో మెరిసేది డిస్‌ప్లే బండి. మనకిచ్చేది స్టాక్‌యార్డులో ఎక్కడో ఉన్న ఇంకో బండి, దానికి 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది. మనం కొంటున్నది మోడల్‌ని కాదు, ఆ నంబరుని. ఆ నంబరు రాసి ఇవ్వమని, బండి చూశాకే బ్యాంకుకి డబ్బు విడుదల చేయమని చెబుతామని అన్నాం. అప్పటికి మేము కట్టింది బుకింగ్ 11,000 మాత్రమే.

సెప్టెంబరు 30 సాయంత్రం యార్డుకి తీసుకెళ్లారు. దసరా అక్టోబరు 2. అమ్మ అప్పటికే నిమ్మకాయలు, కొబ్బరికాయ తెచ్చి పెట్టింది, భద్రకాళి గుడిలో పూజకి మామయ్య వాళ్లని పిలిచింది. నేను రంగు చూశాను, టచ్ స్క్రీన్ చూశాను, బ్లూటూత్ కలిపి పాట కూడా పెట్టాను. అంతా బాగుంది.

నాన్న మాత్రం కింద కూర్చున్నాడు. టైరు పక్కన. ఫోన్ లైటు వేయించి "చదువురా" అన్నాడు. టైరు గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు: 1225. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2025లో పన్నెండో వారం, అంటే మార్చి. తర్వాత కాగితాల్లో చూస్తే బండి తయారైంది ఏప్రిల్‌లో. అప్పటికి అది ఆరు నెలలుగా ఎండలో, వానలో నిలబడి ఉంది. అది కూడా పెద్ద తప్పేం కాదు, ముందే చెప్పి ధర తగ్గిస్తే తీసుకునేవాళ్లం కూడా ఉంటారు. ఓడోమీటరు 112 కిలోమీటర్లు చూపిస్తోంది. యార్డు నుంచి వచ్చే బండికి పదో ఇరవయ్యో ఉండాలి. నాన్న బానెట్ ఎత్తి, కుడివైపు ఫెండర్ పట్టి ఉంచే బోల్టుల మీద వేలు పెట్టాడు. ఎడమవైపు బోల్టుల మీద రంగు చెక్కు చెదరలేదు. కుడివైపు వాటి అంచుల్లో రంగు రాలిపోయి ఉంది. "ఇది ఇప్పిన్రు" అన్నాడు. వెనక్కి వచ్చి పక్కనుంచి చూపు వాల్చి చూశాడు. ఆయన చెప్పాక నాకూ కనిపించింది, ఫెండర్ తెలుపు తలుపు తెలుపు కంటే ఒక పిసరు వేరు.

అబ్బాయి మేనేజరుకి ఫోన్ చేశాడు. "ట్రాన్సిట్‌లో చిన్న గీత సార్, కంపెనీ పెయింటే వేశారు, వారంటీ ఉంటుంది" అన్నారు. తర్వాత అసలు మాట వచ్చింది. ఇది వద్దంటే ఇంకో బండి మూడు వారాల దాకా రాదు, దసరా ముహూర్తం పోతుంది, మీ ఇష్టం.

నిజం చెప్పాలంటే నేను తీసుకుందామనే అన్నాను. ఇంట్లో అమ్మ గుర్తొచ్చింది. గీతే కదా. నాన్న కాసేపు మాట్లాడలేదు. "డిపోల నాకు పొద్దున బస్సు ఇస్తే చుట్టూ తిరిగి చూసి సంతకం పెడత. సంతకం పెట్టినంక తగిలిన దెబ్బ నాదే. ఇది కూడ గంతే" అన్నాడు.

ఇదే అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన చోటు. డబ్బు కట్టి, టీఆర్ నంబరు పడేదాకా ఆ బండి షోరూముది. పడ్డాక అది చట్టప్రకారం మన పేరు మీద ఉన్న బండి, అప్పుడు ఏ లోపం చెప్పినా "సర్వీసుకి తీసుకురండి" అంటారు తప్ప మార్చరు. 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కానీ అవన్నీ నెలలు పట్టే దారులు. యార్డులో పగటి వెలుతురులో గడిపే అరగంట వాటికంటే చవక. మేము సాయంత్రం వెళ్లాం, అది మా తప్పు. లైట్ల కింద రంగు తేడా నాన్నకి కాబట్టి దొరికింది, నాకు దొరికేది కాదు.

ఆ రాత్రి ఇంట్లో అమ్మ మాట్లాడలేదు. దసరాకి జమ్మి పెట్టి, నాన్న పాత బండికే పసుపు కుంకుమ పెట్టింది.

ఆ మధ్యలో సేల్స్ అబ్బాయి రెండుసార్లు ఇంటికి వచ్చాడు. తనూ మెకానికల్ బీటెకేనట, మన పక్క కాలేజీ. చాయ్ తాగుతూ చెప్పాడు, ఒక్క కారు అమ్మితే షోరూముకి మిగిలేది చాలా తక్కువని, అసలు లాభం ఇన్సూరెన్స్, అప్పు, యాక్సెసరీస్‌లో ఉంటుందని, వాటికి తనకి విడివిడిగా టార్గెట్లు ఉంటాయని. మా దగ్గర మూడింటిలోనూ తనకి ఏమీ రాలేదు. నాకు కొంచెం సిగ్గనిపించింది, ఎందుకో తెలీదు.

అక్టోబరు 17న, ధన త్రయోదశికి ముందు రోజు, బండి వచ్చింది. ఈసారి పొద్దున పదింటికి వెళ్లాం. టైరు మీద 3525. ఓడోమీటరు 14. ఛాసిస్ నంబరు కాగితంతో ఒక్కో అక్షరం సరిచూశాను, ఫారం 21లో తయారైన నెల సెప్టెంబరు అని ఉంది. నాన్న బోల్టులన్నీ చూశాడు, స్టెప్నీ, జాకీ, రెండో తాళం చెవి అడిగి తీసుకున్నాడు. తర్వాత బ్యాంకుకి ఫోన్ చేశాం. ఇంటికి వచ్చేటప్పుడు నాన్న నలభై దాటించలేదు. పక్కన అమ్మ, వెనక నేను.

వారం తర్వాత కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది. మా సేల్స్ ప్రతినిధికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగారు. నాన్న బాగా ఆలోచించి ఎనిమిది అన్నాడు. సాయంత్రం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. తొమ్మిది కన్నా తక్కువైతే తన లెక్కలో సున్నా కిందే వేస్తారట. నాన్న చాలాసేపు బాధపడ్డాడు. "ఎనిమిదంటే డిస్టింక్షన్ కదరా?" అని నన్నడిగాడు.