ఫీడు అంశములకు తేదీ లింకులు: కాలనిర్ణయ సమస్య

అంతర్జాలమున ఒక సంచికలో నూతనముగా చేరిన రచనల పట్టికను యంత్రము చదువుటకు అనువుగా కూర్చినచో దానిని ఫీడు అందురు. ఇందు సాధారణముగా ఇటీవలి రచనలు కొన్నియే నిలుచును. క్రొత్తవి చేరినకొలది పాతవి జారిపోవును. జారిన రచనను పరిశోధకుడు మరల చూడవలెనన్నచో దానికి తేదీతో కూడిన స్థిరమైన లింకు ఉండవలెను. అట్టి లింకులను కూర్చు చిన్న ప్రోగ్రామును, అనగా స్క్రిప్టును, వ్రాయుటలోని చిక్కులు ఇచట వివరింపబడుచున్నవి.

స్క్రిప్టు ప్రతి అంశమునుండి తేదీని గ్రహించి, సంవత్సరము, మాసము, దినము అను క్రమమున 2024/03/09 వలె లింకులో నిలుపును. ఒంటి అంకెకు ముందు సున్న తప్పనిసరి. లేనిచో యంత్రము అమర్చిన పట్టికలో 10వ మాసము 2వ మాసమునకు ముందు వచ్చును. 1988 నాటి ఐఎస్ఓ 8601 ప్రమాణము విధించిన క్రమము ఇదియే. భూతసంఖ్యలను వామగతిని చదువువారికి ఈ వ్యుత్క్రమము వింత కాదు.

అసలు చిక్కు ఏ తేదీని గ్రహింపవలెనన్నది. 2005లో ప్రమాణమైన ఆటమ్ ఫీడులో రెండు తేదీలుండవచ్చును: ప్రచురణ తేదీ ఐచ్ఛికము, సవరణ తేదీ నిత్యము. నిత్యముగా లభించును గదా యని సవరణ తేదీతో లింకు కట్టుట ప్రమాదకరము. ఒక ముద్రారాక్షసమును దిద్ది తేదీ మార్చినంతనే లింకును మారును. అంతకుముందు వ్యాసములలో ఉదాహరించిన చిరునామాలు వ్యర్థములగును. కావున మొదటిసారి గ్రహించిన తేదీని స్క్రిప్టు వేరొక పట్టికలో భద్రపరచి, పిమ్మట దానినే వాడవలెను.

దేశాంతర సంస్కారము ఎరిగిన పంచాంగకర్తలకు రెండవ చిక్కు సులభముగా బోధపడును. మన దేశమున జనవరి 1 తెల్లవారుజామున 2 గంటలకు వెలువడిన రచనకు యూటీసీ అను విశ్వకాలమానమున డిసెంబరు 31 రాత్రి 8.30 అగును. దినమే కాదు, సంవత్సరమే మారినది! ఏ కాలమానమైనను దోషము లేదు. నడుమ మార్చుటయే దోషము.

లింకులో తెలుగు శీర్షికను చేర్చుట నాకు సమ్మతము కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కొక్కటి మూడు బైట్లు. లింకును నకలు చేసినపుడు అది తరచుగా తొమ్మిది గుర్తులుగా విస్తరించును. ఒకే దినమున రెండు రచనలు వెలువడినచో తేదీ పిమ్మట వరుససంఖ్య చాలును.