నాలుగు బోల్టుల హబ్‌కు ఐదు బోల్టుల చక్రం

మన హాస్టల్‌లో చదివి, ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడు పూర్తిచేసి, నేడు షెడ్లలో పనిచేస్తున్నవారు తక్కువమందేమీ కాదు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న తమ్ముళ్ళలో, చెల్లెళ్ళలో కూడా కొందరు ఈ దారికే వస్తారు. షెడ్డులో చేరిన మొదటి ఏడాదిలోనే మీకు ఎదురయ్యే కోరిక ఒకటుంది: "ఈ కారుకు ఆ కారు అల్లాయ్ చక్రాలు వేసిపెట్టండి" అని. అడిగేవారికి అది షోకు. చక్రం ఊడితే మాత్రం లోపల కూర్చున్నవారికే కాదు, ఎదురుగా సైకిలు మీద వచ్చేవాడికీ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పనిలో ఏది చేయవచ్చో, ఎక్కడ "చేయను" అని చెప్పాలో ఈ సంచికలో రాయాలని మేము అనుకున్నాము.

చక్రం బిగించే స్టడ్ల కేంద్రాల మీదుగా ఒక వృత్తం గీస్తే దాని వ్యాసాన్నే పి.సి.డి. అంటారు. మారుతి స్విఫ్ట్‌ది 4×100, అంటే నాలుగు స్టడ్లు, 100 మి.మీ. వృత్తం. పాత మారుతి 800ది 4×114.3. ఇన్నోవాది 5×114.3. పాత మహీంద్రా జీపుది 5×139.7. ఈ అంకెలు వింతగా కనిపిస్తాయి గానీ 114.3 అంటే నాలుగున్నర అంగుళాలు, 139.7 అంటే ఐదున్నర అంగుళాలు, అంతే. నాలుగు రంధ్రాలుంటే ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం కొలిస్తే చాలు. ఐదుంటే ఎదురెదురుగా ఉండవు గనుక, పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.701తో గుణించాలి. 67.2 మి.మీ. వస్తే అది 114.3. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని విసుక్కునేవారికి ఇదొక జవాబు.

ఇక అసలు సంగతి. కారు బరువును స్టడ్లు అడ్డంగా మోస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగి, స్ప్రింగులాగా చక్రాన్ని హబ్ ముఖానికి అదిమి పట్టుకుంటుంది. కార్లకు కంపెనీలు చెప్పే బిగింపు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. ఆ బిగింపులో ఒక్కో స్టడ్ రెండు టన్నులకు మించిన బలంతో లాగి పడుతుంది. ఆ ఒత్తిడి వల్ల కలిగే ఘర్షణే బరువును, బ్రేకు దెబ్బను మోస్తుంది. పట్టు సడలిందంటే చక్రం జరగడం మొదలవుతుంది, ప్రతి చుట్టుకూ స్టడ్ అటూ ఇటూ వంగుతుంది. ఇనుప తీగను పదేపదే వంచితే తెగినట్టే అదీ తెగుతుంది. కాబట్టి ఎవరు ఏ ఉపాయం చెప్పినా మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దీనివల్ల పట్టు నిలుస్తుందా, పోతుందా?

ఈ ప్రశ్నతో చూస్తే కొన్ని ఉపాయాలు అక్కడికక్కడే వీగిపోతాయి. ఫియట్ పాలియోది 4×98. దానికి 4×100 చక్రం పెడితే తేడా ఒక్కో బోల్టు దగ్గర ఒక మిల్లీమీటరే. చేత్తో తిప్పితే బోల్టులు ఎక్కుతాయి కూడా. కానీ బోల్టు వంకరగా దిగి, దాని ఏటవాలు తల ఒక పక్కనే ఆనుతుంది. బిగించినట్టే ఉంటుంది, పట్టు ఉండదు. చక్రం రంధ్రాలను ఆకురాయితో కోడిగుడ్డు ఆకారంలో సాగదీయడమూ ఇలాంటిదే. ఇది ఎంత డబ్బిస్తామన్నా చేయకూడని పని.

రెండో ఉపాయం ఉన్న హబ్‌కే కొత్త రంధ్రాలు వేయడం. ఇక్కడ మీ జామెట్రీ బాక్సు తీయండి. కాగితం మీద ఒకే కేంద్రంతో 50 మి.మీ., 57.15 మి.మీ. వ్యాసార్థాలతో రెండు వృత్తాలు గీయండి. లోపలి దాని మీద 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు చుక్కలు, బయటి దాని మీద 72 డిగ్రీలకొకటి చొప్పున ఐదు చుక్కలు పెట్టండి. ఐదు చుక్కల వృత్తాన్ని ఎలా తిప్పి చూసినా, ఎక్కడో ఒకచోట పాత చుక్కకూ కొత్త చుక్కకూ మధ్య 9 డిగ్రీలకు మించి ఎడం రాదు. అంటే సుమారు 11 మి.మీ. స్టడ్ మందమే 12 మి.మీ.! రెండు రంధ్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. స్విఫ్ట్ హబ్‌కు ఇన్నోవా చక్రం కోసం రంధ్రాలు వేయలేమని కాగితమే చెప్పింది. పాత రంధ్రాలను వెల్డింగుతో పూడ్చి వేస్తామనేవారూ ఉన్నారు. ఆ వేడికి హబ్ ముఖం వంకర పోతుంది, వెల్డింగు పక్కన ఉక్కు పెళుసుబారుతుంది. వద్దు.

నాలుగు నుంచి నాలుగుకే, అంటే 100 నుంచి 114.3కు అయితే 45 డిగ్రీలు తిప్పి వేయవచ్చు, మధ్యలో 41 మి.మీ. ఎడం ఉంటుంది. అయితే కొత్త రంధ్రాల బయటి అంచు దాదాపు 127 మి.మీ. దాకా పోతుంది. హబ్ పళ్ళెం 130 మి.మీ. ఉంటే అంచున మిగిలేది ఒకటిన్నర మిల్లీమీటరే. అది సరిపోదు. పళ్ళెం పెద్దదైనా, ఈ పని చేతి డ్రిల్లుతో కాదు, కొలతలు పట్టగల మిల్లింగ్ మెషీను మీద జరగాలి. డిస్కుకూ డ్రమ్ముకూ కూడా రంధ్రాలు వేయాలి.

మూడోది అడాప్టర్. ఇది పాత స్టడ్లకు బిగిసే దళసరి అల్యూమినియం బిళ్ళ, దాని మీద కొత్త పి.సి.డి.లో వేరే స్టడ్లు ఉంటాయి. 20 మి.మీ. కంటే పలుచనిది తీసుకోవద్దు. పోత పోసినది అసలే వద్దు. నాలుగు నుంచి ఐదుకు మార్చేదైతే నట్టు గుంట పక్కన స్టడ్‌కు ఎంత లోహం మిగిలిందో తిరగేసి చూడండి. గుంట స్టడ్‌ను కొరికి ఉంటే వాపసు ఇచ్చేయండి. బిళ్ళ మందమంతా చక్రం బయటికి జరుగుతుంది గనుక బేరింగు మీద భారం పెరుగుతుంది, మలుపులో టైరు ఫెండరుకు రాసుకోవచ్చు.

మా దృష్టిలో సరైన మార్గం హబ్‌నే మార్చడం, అదీ అదే కంపెనీ, అదే కుటుంబపు కారు నుంచి. జపాన్, అమెరికాలలో 1990ల నాటి హోండా సివిక్ కార్లకు (4×100) ఇంటెగ్రా టైప్ ఆర్ నుంచి 5×114.3 సామాను వేసుకుంటారు. వారు హబ్ ఒక్కటే తీయరు. ముందువైపు నకిల్, డిస్క్, వెనుకవైపు ట్రెయిలింగ్ ఆర్మ్‌తో సహా మొత్తం దించి ఎక్కిస్తారు. బేరింగు, బ్రేకు, యాక్సిల్ పళ్ళు అన్నీ ఒకదానికొకటి కుదిరితేనే పని కుదిరినట్టు. అలాంటి జత దొరకని కారుకు ఈ మార్పు లేదని చెప్పేయడమే మేలు.

పి.సి.డి. కలిసినా మరి మూడు చూడాలి. మధ్య రంధ్రం: స్విఫ్ట్‌ది 54.1, హోండా 4×100 చక్రాలది 56.1, ఇన్నోవాది 60.1 మి.మీ. చక్రానిది పెద్దదైతే సరైన కొలత రింగు వేయాలి, లేకుంటే వణుకు. మర: మారుతికి 12×1.25, టొయోటా, హోండాలకు 12×1.5. ఒకదాని నట్టు మరొకదానికి బలవంతాన ఎక్కిస్తే మర పోతుంది. నట్టు ముఖం: కోను, గుండ్రం, చదును అని మూడు రకాలు, చక్రానికి ఏది ఉంటే నట్టు అదే కావాలి. నట్టు కనీసం 12 మి.మీ. లోతు ఎక్కాలి, అంటే 1.5 మరకు 8 చుట్లు, 1.25కు దాదాపు 10.

చట్టం మాట కూడా కస్టమరుకు ముందే చెప్పండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు హద్దు పెట్టింది. కంపెనీ మూల నిర్దేశాలకు భిన్నంగా మార్చరాదని 2019లో సుప్రీం కోర్టు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అన్నీ కుదిరి బిగించే వేళ హబ్ ముఖం మీద తుప్పు, రంగు గీకేయాలి. మరకు గ్రీజు రాయవద్దు. వీల్ స్పానరు మీద కాలుతో తొక్కి కాక, టార్క్ రెంచితో, ఎదురెదురు నట్లను మార్చి మార్చి, రెండు మూడు విడతల్లో బిగించాలి. స్టెప్నీ కూడా కొత్త పి.సి.డి.కే ఉందా అని చూడండి, చాలామంది మరిచేది ఇదే. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక కారును మళ్ళీ పిలిపించి ప్రతి నట్టునూ రెంచితో పరీక్షించాలి. అప్పుడు ఏ నట్టయినా ఇంకా తిరిగితే, దాన్ని బిగించి పంపేయకుండా చక్రం విప్పి కారణం వెతకండి.