మానసిక పరీక్షలు – సంఘ కాపరి

మరల మరల ఇచ్చినా దాదాపు ఒకే ఫలితమిచ్చుట పరీక్షకు విశ్వసనీయత; కొలవదలచిన దానినే కొలుచుట సప్రమాణత. కాపరులు అంతగా గమనించనిది మూడవది: ఆ పరీక్షను ఎవరిపై ప్రమాణీకరించారు?

మేము సేవచేసే పాతబస్తీలో ఒక గడపలో తెలుగు, పక్క గడపలో దక్కనీ ఉర్దూ. బడికి వెళ్ళనివారికి రాతపరీక్ష పెడితే తెలివి కాదు, చదువే కొలవబడుతుంది. ఈ చిక్కు వల్లనే సి.ఎం. భాటియా 1955లో దిమ్మెలు, బొమ్మలతో చేయించే బుద్ధిపరీక్షలను ప్రచురించారు. (అవి కూడా ఉత్తరప్రదేశ్ బాలురపై ప్రమాణీకరించినవే!)

కుంగుబాటును కనిపెట్టుటకు పి.హెచ్.క్యు.-9 సులువైన సాధనం. తెలుగు, ఉర్దూ అనువాదాలున్నాయి. గత రెండు వారాలను గూర్చి 9 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుండి 3, మొత్తం 27. 10 లేక అంతకు మించి వస్తే వైద్యుని వద్దకు పంపాలి. ఇది జల్లెడే, రోగనిర్ధారణ కాదు. 9వ ప్రశ్న చావు తలంపులను గూర్చినది. దానికి 0 కాక మరే అంకె వచ్చినా, మొత్తం ఎంత తక్కువైనా, ప్రార్థించి ఇంటికి పంపివేయరాదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తోడుగా వెళ్ళాలి. అర్ధరాత్రయితే టెలి-మానస్ 14416కు ఫోను చేయాలి. జవాబుల కాగితాన్ని సంఘ పెద్దలకైనా చూపరాదు.