తోక పొట్టి, పట్టు గట్టి

పొట్టి తోక పిల్లి కావాలంటే విదేశీ జాతుల వైపు చూస్తాం. పాలమూరు, నల్లగొండ చేలల్లో అలాంటిదే ఒకటి ఎవరూ పెంచకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా బతుకుతోంది. జంగుపిల్లి దాని పేరు. మన ఎలుకల లెక్క తేల్చేది అదే.

వరి మడిలో కోత మిషన్ దిగిందంటే లోపలి జీవాలన్నీ నడిమికి జరుగుతాయి. ఎలుకలు, పూరేడు పిట్టలు, అప్పుడప్పుడూ ఓ చెవులపిల్లి. ఆఖరి చుట్టు మిగిలేసరికి ఇసుక రంగు జంతువొకటి చివాల్న లేచి గట్టు దాటుతుంది. ‘పులిపిల్ల’ అని ఒకరంటే, ‘కాదు, నక్క’ అని ఇంకొకరంటారు. మొహం పిల్లిదే. కాళ్లు మాత్రం ఊరి పిల్లికి లేనంత పొడుగు, తోక దానికి ఉండాల్సినంత లేదు. చూసినవాళ్లు తికమక పడేది అందుకే.

ఒంటి మీద మచ్చ లేదు

జంగుపిల్లి ఒళ్లు 60 నుంచి 75 సెంటీమీటర్ల పొడవుంటుంది. తోక 21 నుంచి 36 సెంటీమీటర్లు. ఒంటి పొడవులో మూడో వంతు, మహా అయితే సగం. నిలబడితే వెనక కాలి మడమ దాకా వచ్చి ఆగిపోతుంది. తోక చివర నల్లటి పట్టీలు, కొసన నలుపు. చెవి కొసల్లో చిన్న నల్ల వెంట్రుకల కుచ్చు. కాళ్ల మీద లీలగా కనిపించే చారలు తప్పిస్తే ఒంటి మీద మచ్చలుండవు. ఎండిన గడ్డిలో కదలకుండా కూర్చుంటే పది అడుగుల దూరం నుంచి కూడా పోల్చుకోవడం కష్టం.

కాకసస్ ప్రాంతంలోని తెరెక్ నది దగ్గర దొరికిన జంతువును చూసి గుల్డెన్‌స్టాట్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1776లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఈజిప్టు నుంచి మధ్య ఆసియా, భారత్ మీదుగా వియత్నాం దాకా దీని సంచారం. నీటి ఒడ్డు, రెల్లు పొదలు దీనికి ప్రాణం. అవసరమైతే ఈదుతుంది, చేపలూ పడుతుంది. మన దగ్గర చెరువుల్లోని జమ్ము, తుంగ పొదలే కాదు, గుట్టల కింది తుప్పలు, కంది చేలు, పత్తి చేలు, బీడు భూములు అన్నీ దీని ఇళ్లే.

లోపంతో పోయిన తోక కాదు

ఐరిష్ సముద్రంలోని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో పుట్టిన మాంక్స్ పిల్లి పొట్టి తోకకే పేరుపొందింది. కొన్నింటికి తోక అసలే ఉండదు, కొన్నింటికి మొండి మిగులుతుంది. దానికి కారణం ఒక జన్యు మార్పు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ మార్పు వస్తే పిల్ల కడుపులోనే చనిపోతుంది. ఒకరి నుంచే వచ్చినా కొన్ని పిల్లల్లో వెన్నెముక సరిగా ఏర్పడదు. మల మూత్రాల మీద అదుపు పోతుంది, వెనక కాళ్లు బలహీనపడతాయి. మాంక్స్‌ను కొనేవాళ్లు ముద్దుగా ఉందని మురిసిపోయే ముందు పశువైద్యుడితో వెన్నెముక పరీక్ష చేయించుకోవడం మంచిది. జపనీస్ బాబ్‌టెయిల్ అనే మరో జాతి పిల్లి తోక కుదించుకుపోయి కుచ్చులా ఉంటుంది. అది వేరే జన్యువు పని. మాంక్స్‌కు వచ్చే కష్టాలు దానికి రావు.

జంగుపిల్లి తోకలో ఏ లోపమూ లేదు. అది నేల మీద వేటాడే జంతువు. కొమ్మల మీద తిరిగే చిరుతకు అదుపు తప్పకుండా పొడవాటి తోక కావాలి. గడ్డిలో పొంచి, పొడుగు కాళ్లతో ఎగిరి దూకే జంగుపిల్లికి ఆ అవసరం అంతగా లేదు.

రోజుకు ఐదు ఎలుకల దాకా

ఇది ఒంటరి జీవి. జత కట్టే రోజుల్లో తప్ప తోడు కోరదు. చిన్న అడవి పిల్లుల్లో చాలావాటిలా చీకటి కోసమే కాచుకోదు. పొద్దున, సాయంత్రం వెలుగులోనూ వేటకు దిగుతుంది. చెవులతో చప్పుడు పట్టి, గడ్డి మీదుగా గాల్లోకి లేచి సరిగ్గా ఎలుక మీద వాలుతుంది. కౌజు పిట్టలు, బల్లులు, తొండలు, పాములు దొరికినా వదలదు. అయినా కడుపు నిండేది ఎక్కువగా ఎలుకలతోనే. రాజస్థాన్‌లోని సరిస్కాలో జరిగిన పరిశోధన ప్రకారం ఒక జంగుపిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకలు తింటుంది. అంటే ఏడాదికి వెయ్యి పైనే. ఎత్తిపోతల నీళ్లొచ్చి చెలకలు వరి మడులైన చోట ఎలుకలూ పెరుగుతాయి. అక్కడ జీతం అడగని కావలి ఇదే.

ఫిర్యాదులూ లేకపోలేదు. కోడిపిల్లలను ఎత్తుకెళ్తుంది. ఆ కోపంతో కుక్కలను ఉసిగొల్పేవాళ్లు, ఉచ్చులు పెట్టేవాళ్లు ఉన్నారు. చీకటి పడేలోపు కోళ్లను గట్టి తలుపున్న గూట్లోకి తోలితే ఆ నష్టం చాలా వరకు తప్పుతుంది.

దాన్ని చంపేది మన మందే

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్ల మేర నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించింది. అక్కడ పులికి కాపలా ఉంది, కెమెరాలున్నాయి. జంగుపిల్లి ఎక్కువగా బతికేది ఆ హద్దులకు బయట, రైతు పొలంలో. బీడు భూములు వెంచర్లవుతుంటే దాగే తుప్ప కరువవుతోంది. రోడ్ల మీద బండ్ల కింద పడుతోంది. ఎలుకల మందు ఇంకో ముప్పు.

వ్యవసాయ శాఖ చెప్పే బ్రోమాడయోలోన్ ఎర కలిపే లెక్క చాలామంది రైతులకు తెలుసు: నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. అలాంటి ఎలుకే జంగుపిల్లికి, గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. మందు అలా వాటి ఒంట్లోకీ చేరుతుంది. అందుకే ముందురోజు కన్నాలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్న కన్నాల్లోనే ఎర పొట్లాలు లోపలికి పెట్టాలి. గట్ల మీద చల్లకూడదు. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టాలి.

పిల్లలు కనిపిస్తే

పత్తి కట్టె పీకేటప్పుడో, యాసంగి వరి కోతల్లోనో పిల్లలు దొరకొచ్చు. ఒక ఈతలో సాధారణంగా రెండు నుంచి నాలుగు పిల్లలుంటాయి. పది, పదమూడు రోజులకు గానీ కళ్లు తెరవవు. చిన్నప్పుడు ఒంటి మీద చారలుంటాయి కాబట్టి చిరుత కూనలని భయపడతారు. చిరుత కూనకు ఒళ్లంతా మచ్చలు, పొడవాటి తోక ఉంటాయి. తేడా తోక చూస్తే తెలుస్తుంది.

తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లలను చేతుల్లోకి తీసుకోవద్దు, పాలు పట్టొద్దు, సెల్ఫీల కోసం ఊరంతా తిప్పొద్దు. ఆ మూల కోత ఆపి, మనుషులు, కుక్కలు దూరంగా ఉంటే చీకటి పడ్డాక తల్లి వచ్చి తీసుకెళ్లే అవకాశం ఎక్కువ. తెల్లారినా పిల్లలు అక్కడే ఉన్నా, గాయపడినా అటవీ శాఖకు చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పెంచడం, చంపడం నేరం. పెంచినా మచ్చిక కాదు. పెద్దదయ్యేకొద్దీ పంజా విసురుతుంది, కరుస్తుంది. అడవిలో వదిలితే వేట నేర్చుకోని పిల్లి ఆకలితో చస్తుంది.

ఊళ్లో పిల్లిని పెంచుకునేవాళ్లకూ ఇందులో పాత్ర ఉంది. ఊరి పిల్లి జంగుపిల్లితో జత కట్టగలదు, తన రోగాలను దానికి అంటించగలదు. అందుకే పెంపుడు పిల్లికి పాన్‌ల్యుకోపీనియా, రేబీస్ టీకాలు వేయించాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి. రైతు మరో పని చేయగలడు. ప్రతి గట్టునూ చదును చేయకుండా, చెరువు శిఖం దగ్గరి తుంగను తగలబెట్టకుండా, పొలానికి ఒక మూలన తుప్పను అలాగే ఉంచడం. పొట్టి తోక పిల్లిని సాకడం మన జిల్లాల్లో అంత తేలిక. దాని జాగా దానికి వదిలితే చాలు.